షాషాంక్ నిజంగా జరిగిన కథ కాదు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దిక్కు గ్రూప్స్‌కు చదివే పిల్లల వాట్సాప్‌లలో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది: "ది షాషాంక్ రిడెంప్షన్ నిజంగా జరిగిన కథ. ఏడు ఆస్కార్లు గెలిచింది. చెయ్యని హత్యలకు జైలుకెళ్లిన బ్యాంకు ఉద్యోగి చిన్న సుత్తెతో, కేవలం పట్టుదలతో బయటపడ్డాడు. మీరెందుకు సాధించలేరు?" అంత గొప్ప సినిమాను ఇంత చిన్నది చేస్తుంటే ఊరుకోబుద్ధి కావట్లేదు.

నిజ కథ కాదు. స్టీఫెన్ కింగ్ 1982లో అచ్చువేసిన నవలికను ఫ్రాంక్ డారాబాంట్ 1994లో సినిమాగా తీశాడు. ఆ బ్యాంకు ఉద్యోగి ఆండీ కల్పిత పాత్ర, షాషాంక్ కల్పిత జైలు. తెర మీద కనిపించే కట్టడం మాత్రం నిజమైనదే: ఒహాయోలోని మాన్స్‌ఫీల్డ్‌లో 1990లో మూతపడ్డ జైలు.

ఆస్కార్లకు ఏడు నామినేషన్లు వచ్చాయి. గెలిచింది సున్నా.

ఇక సుత్తె. జానెడు కూడా లేని ఆ పనిముట్టుతో మన గుట్టల గ్రానైటును కొడితే రాయికి గీత పడుతుంది, మొన మొద్దుబారుతుంది. రాయి కొట్టేవాళ్లు ఎవరైనా ఇదే చెప్తారు. సినిమాలోనూ గట్టి గోడ లొంగలేదు. గోడ మీద పేరు చెక్కుతుంటే పెళ్ల ఊడివచ్చింది, అంటే గోడే బలహీనం. ఆ పైన 1947 నుంచి 1966 దాకా కలిసొచ్చినవి చూడండి. గది మారలేదు. తవ్విన కన్నాన్ని కప్పిన పోస్టరు వెనక ఎవరూ చూడలేదు. తవ్విన మట్టిని పిడికెడు పిడికెడుగా ప్యాంటు కాళ్లలోంచి మైదానంలో రాల్చాడు. వార్డెన్‌కు దొంగ లెక్కలు రాసే మనిషి కావాలి కాబట్టి ఆండీని కాచుకున్నాడు. చివరి రాత్రి ఉరుము చప్పుడులో మురుగు పైపు పగలగొట్టి, అందులోంచి పాకి బయటపడ్డాడు. ఇందులో పట్టుదల ఒక పాలే.

ఆ పైపు 500 గజాలు, అంటే దాదాపు 457 మీటర్లు. మూసిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది. మోతాదు పెరిగితే ముందు వాసన తెలియడం ఆగిపోతుంది, తర్వాత మనిషి స్పృహ తప్పుతాడు. మన పట్టణాల మ్యాన్‌హోళ్లలో కార్మికుల ప్రాణాలు తీస్తున్నది ఇలాంటి వాయువులే. దాన్ని 'సాధించాలంటే ఇలా' అని పిల్లలకు చూపడం తప్పు.

అన్నిటికన్నా నొప్పించేది, ఆ మెసేజ్‌లో ఆండీ తోటి ఖైదీలు రెడ్ లేడు, బ్రూక్స్ లేడు. సినిమా లోతంతా వాళ్లిద్దరిలోనే ఉంది. బ్రూక్స్ యాభై ఏళ్లు లోపల గడిపాడు. విడుదల ఖాయమైనప్పుడు తోటి ఖైదీ మెడ మీద కత్తి పెడతాడు, ఇక్కడే ఉంచేస్తారని. బ్రూక్స్‌గా నటించిన జేమ్స్ విట్‌మోర్ కళ్లలో అక్కడ కోపం ఉండదు, భయమే ఉంటుంది. బయటికొచ్చాక అద్దెగది దూలం మీద పేరు చెక్కి ఉరేసుకుంటాడు.

రెడ్‌గా మోర్గన్ ఫ్రీమన్‌ను పెరోల్ విచారణల్లో గమనించండి. మొదటి రెండుసార్లు, పదేళ్ల తేడాతో, దాదాపు అదే మాట అదే వినయంతో అప్పజెప్తాడు; తిరస్కరిస్తారు. మూడోసారి గొంతులో వినయం ఉండదు, అలసట ఉంటుంది. అప్పుడు వదిలేస్తారు. దొరికిన ఉద్యోగం కిరాణా దుకాణంలో సంచులు సర్దడం. అక్కడ మూత్రానికి వెళ్లాలన్నా మేనేజరును అడుగుతాడు. ప్రతిసారీ అడగక్కర్లేదని ఆయన నెమ్మదిగా చెప్తాడు. నలభై ఏళ్లు అనుమతి అడిగిన ఒంటికి, ఎవరో సరేననకపోతే చుక్క కూడా రాదు.