సర్కారు నౌకరి గురించి నిజం చెబుదాం

గ్రూప్‌-4లో తెలంగాణ సర్కారు ప్రకటించిన 8,180 పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్కో కుర్చీకి నూరు మందికి పైగా పోటీ. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి, మునుగోడు పల్లెల నుంచి హైదరాబాద్ వెళ్లి అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ ఇరుకు గదుల్లో ఏళ్లకేళ్లు గడుపుతున్న పిల్లల్లో చాలామంది ఇళ్లలో పత్తి అమ్మగా వచ్చిన డబ్బే కోచింగ్ ఫీజు, హాస్టల్ కిరాయి. ఆ ఆశను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తరతరాలు బొంబాయికి వలసపోయిన పాలమూరుకు, ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన మర్రిగూడకు నెలనెలా చేతికొచ్చే జీతం విలువ ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆశ సరే. దాని చుట్టూ అల్లుకున్న మాటల్లో మాత్రం చాలావరకు అబద్ధం. ఆ అబద్ధాలను నమ్మి చదివే పిల్లవాడూ నష్టపోతున్నాడు, ఆఫీసుకు పనిమీద వెళ్లే రైతూ నష్టపోతున్నాడు.

అన్నిటికంటే గట్టిగా నాటుకుపోయిన మాట, ‘నౌకరి వస్తే ఇక పని ఉండదు’ అన్నది. ఉద్యోగుల వేతన సవరణకు వేసిన బిస్వాల్ కమిషన్ లెక్క ప్రకారం రాష్ట్రంలో మంజూరైన పోస్టులు 4.91 లక్షలు, వాటిలో ఖాళీలు 1.91 లక్షలు. ఆ తర్వాత కొన్ని నియామకాలు జరిగాయి, మూడేళ్లు ఆగిన విరమణలూ 2024 మార్చి నుంచి మళ్లీ మొదలయ్యాయి. పదిమంది చేయాల్సిన చోట ఆరుగురే ఉంటే మిగతా నలుగురి పని ఎవరు చేస్తున్నట్టు? ఏ మండల ఆఫీసులో అడిగినా ‘ఇన్‌ఛార్జి’, ‘ఎఫ్‌ఏసీ’ అన్న మాటలు వినబడతాయి. ఒకే మనిషి రెండు సీట్లు, కొన్నిచోట్ల రెండు మండలాలు చూస్తున్నాడని వాటి అర్థం.

తండా పంచాయతీ కార్యదర్శి దినచర్య చూడండి. పొద్దున్నే ఊళ్లో ఉండాలి. సఫాయి కార్మికుల హాజరు తీసుకోవాలి, మోరీలు తీయించాలి, చెత్త ట్రాక్టర్ కదిలించాలి, వీటన్నిటి ఫొటోలు టైముకు యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేని తండా అయితే ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంటోంది. మే నెల ఎండకు ఎండితే సర్పంచ్‌తో పాటు జవాబు చెప్పాల్సింది కార్యదర్శే. ఇంటిపన్ను వసూలు, జనన మరణ ధ్రువపత్రాలు, ఉపాధి హామీ మస్టర్లు, ఇందిరమ్మ ఇళ్ల ఫొటోలు, సాయంత్రం ఎంపీడీవో టెలికాన్ఫరెన్స్. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక, నిధులు రాక ట్రాక్టర్ డీజిల్‌కు, వీధిలైట్లకు సొంత జేబులోంచి పెట్టి అప్పులపాలైన కార్యదర్శులున్నారు. 2019లో చేరిన జూనియర్ కార్యదర్శులకు మొదట ఇచ్చింది నెలకు 15 వేలు. మూడేళ్లన్న ప్రొబేషన్ నాలుగేళ్లయింది. 2023 వేసవిలో సమ్మెకు దిగితే తప్ప వాళ్ల క్రమబద్ధీకరణ కదలలేదు. ఈ కొలువును ‘కూర్చుని తినే ఉద్యోగం’ అనేవాళ్లు ఒక్కరోజు ఆ కార్యదర్శి బండి వెనక కూర్చుని తిరిగి రావాలి.

రెవెన్యూ సంగతీ అంతే. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను రద్దు చేశారు. ఊళ్లో ఏ సర్వే నంబరు ఎవరి కబ్జాలో ఉందో తెలిసిన మనిషి లేకుండానే అయిదేళ్లు గడిచాయి. గ్రామ పాలనాధికారులు వచ్చింది 2025 సెప్టెంబరులో. ఈ మధ్యకాలంలో భూరికార్డుల పోర్టల్ ధరణిలోని తప్పులన్నీ తహసీల్దార్ బల్లమీదే పోగయ్యాయి. ధరణి స్థానంలో వచ్చిన భూభారతి పైలట్ మండలాల్లో ఒకటైన నారాయణపేట జిల్లా మద్దూరుతో మొదలై, 2025 జూన్‌లో ఊరూరా పెట్టిన రెవెన్యూ సదస్సుల్లో రాష్ట్రమంతటా దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి. వాటిని చూడాల్సిన చేతులే కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఓటరు జాబితాలు, మంత్రుల పర్యటన ఏర్పాట్లు కూడా చూడాలి. మూడుసార్లు తిరిగి విసిగిపోయిన రైతు కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపం ఎదురుగా కనబడే గుమస్తా మీదికే పోతోంది. ఖాళీలు నింపని సచివాలయం దాకా వెళ్లడం లేదు. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును ఆమె ఆఫీసులోనే పెట్రోలు పోసి తగలబెట్టిన ఘోరం మన పక్కనే జరిగింది. దాన్ని సమర్థిస్తూ ఆ రోజుల్లో కొందరు మాట్లాడిన మాటలు మాకు ఇంకా గుర్తున్నాయి. ఆ మాటలకు సిగ్గుపడాలి.

బడిపంతులుకు సెలవులే సెలవులనేవారు 2024 నవంబరును గుర్తుచేసుకోవాలి. ఇంటింటి కులగణన కోసం ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూటకు కుదించి, మధ్యాహ్నం నుంచి అక్కడి టీచర్లను (ఎస్జీటీలను) ఇళ్ల చుట్టూ తిప్పారు.

ఇక జీతం, పెన్షన్. ‘పెన్షన్ ఉంటుంది, ముసలితనానికి ఢోకా లేదు’ అని తండ్రులు చెప్పే మాట వాళ్ల తరం అనుభవం. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి ఆ పాత పెన్షన్ లేదు, సీపీఎస్ ఉంది. మూలవేతనం, డీఏ కలిపిన మొత్తంలో పది శాతం ప్రతి నెలా కోస్తారు, సర్కారు తన వాటా కలుపుతుంది, ఆ సొమ్ము మార్కెట్లో పెరిగినంత పెరుగుతుంది. 2021 వేతన సవరణ (పీఆర్సీ) ప్రకారం జూనియర్ అసిస్టెంట్ తొలి మూలవేతనం 24,280 రూపాయలు. దానిమీదే కోత 2,428, డీఏ మీద ఇంకొంత. ఆపైన వృత్తిపన్ను, జీవిత బీమా, గ్రూప్ బీమా. ఇంటి అద్దె భత్యం కలిసినా, హైదరాబాద్ గదిలో ఆరేళ్లు చదవడానికి చేసిన అప్పు ఆ జీతంలోంచి తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో కాగితం మీద లెక్కేసుకోవాలి. విరమణ వయసు 61కి పెంచడం వల్ల మూడేళ్లు ఆగి, 2024 మార్చి తర్వాత దిగిపోయిన ఉద్యోగుల్లో ఎంతోమంది గ్రాట్యుటీ కోసం, తాము దాచుకున్న జీపీఎఫ్ కోసం ట్రెజరీ చుట్టూ తిరిగారు, కొందరు హైకోర్టు మెట్లెక్కారు. బిల్లు పాసై టోకెన్ పడ్డా డబ్బు ఖాతాలో పడని బాధ ఏ ఉద్యోగిని కదిపినా చెబుతాడు. కూతురు పెళ్లి పెట్టుకున్న విశ్రాంత ఉపాధ్యాయుడు తన సొమ్ము కోసమే వడ్డీకి అప్పు తెచ్చుకోవడం కంటే అన్యాయం ఏముంటుంది?

‘ఒక్కసారి వస్తే పోదు’ అన్నదీ సగమే నిజం. విచారణ జరపకుండా తీసేయకూడదని రాజ్యాంగం 311వ అధికరణం రక్షణ ఇచ్చింది. తప్పు చేసినా తీయకూడదని ఎక్కడా లేదు. ఉద్యోగుల క్రమశిక్షణకు ఉన్న 1991 సీసీఏ నియమాల కింద ఇంక్రిమెంట్ కోత నుంచి డిస్మిస్ దాకా శిక్షలున్నాయి. లంచం కేసు రుజువైతే కనీస శిక్ష మూడేళ్ల జైలు.

లంచం మాట వచ్చింది కనుక దాచకుండా చెప్పుకుందాం. చేయి తడపనిదే ఫైలు కదలని ఆఫీసులు మన జిల్లాల్లో ఉన్నాయి. వాళ్లను వెనకేసుకొచ్చే ఉద్దేశం మాకు లేదు, ఎవరైనా లంచం అడిగితే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) 1064 నంబరుకు ఫోన్ చేయాలి. అయితే ఆ పాపంలో ఇంటి వాటా కూడా ఉంది. సంబంధం చూసేటప్పుడు ‘జీతం ఎంత’ అని అడిగి, గొంతు తగ్గించి ‘పైన ఎంత’ అని అడిగే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో ఉన్నారు. పోస్టును బట్టి కట్నం రేటు కడతారు. కట్నం తీసుకోవడం నేరం, ఉద్యోగుల ప్రవర్తనా నియమావళికీ విరుద్ధం. అంత కట్నం పోసిన మామ, అంత ఖర్చుపెట్టిన తండ్రి కొత్త ఉద్యోగి నుంచి ఏం ఆశిస్తారో అతనికి చేరిన రోజే తెలుసు. నిజాయతీగా ఉండాలనుకున్న పిల్లవాడికి మొదటి పోరు తన ఇంట్లోనే.

పైరవీతోనో డబ్బుతోనో ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకానికి మాత్రం సర్కారే మేత వేసింది. 2022లో 503 పోస్టులతో గ్రూప్‌-1 ప్రకటన వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటన తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. నియామక పత్రాలు అందేసరికి 2025 సెప్టెంబరు వచ్చింది, అదీ కోర్టు కేసుల నడుమ. ఒకే కొలువు కోసం మూడుసార్లు ప్రిలిమ్స్ రాసిన పిల్లలు ‘దీంట్లో ఏదో ఉంది’ అనుకుంటే తప్పు వాళ్లది కాదు. ఆ అనుమానాన్ని పట్టుకునే దళారులు ఊళ్లమీద పడి లక్షలు గుంజుతున్నారు. డబ్బిచ్చినవారికి కొలువు రాదు, డబ్బూ తిరిగిరాదు. ఈ ఆలస్యానికి మందుగా గరిష్ఠ వయోపరిమితిని 44కు, తర్వాత 46కు పెంచారు. దాంతో కొందరికి మేలు జరిగింది, కాదనలేం. కానీ పరీక్ష వేళకు జరపడం చేతకాక వయసు పెంచడమంటే పెళ్లి, పిల్లలు, సంపాదన అన్నిటినీ ఇంకా వాయిదా వేసుకోమని చెప్పడమే.

సర్కారు బోర్డు ఉన్న ఆఫీసులో కూర్చున్న ప్రతి మనిషీ సర్కారు ఉద్యోగి కాదన్నది కూడా చాలామందికి తెలియదు. కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ ఏజెన్సీ మనిషి. అంగన్‌వాడీ టీచర్‌కు, ఆశ కార్యకర్తకు అందేది గౌరవ వేతనం, పారితోషికం. బాధ్యతలు, తిట్లు మాత్రం ఉద్యోగులతో సమానం.

ఈ నిజాలన్నీ తెలిసినా సర్కారు నౌకరే కావాలనుకునే యువతీయువకులు మనకు కావాలి. నల్లమల లోపలి చెంచు పెంటలో పాఠం చెప్పడానికి, మద్దూరులో రైతు పాసుపుస్తకం సరిచేయడానికి వాళ్లే దిక్కు. అందుకే ఇప్పుడు చేయాల్సినవి సూటిగా అడుగుతున్నాం. నోటిఫికేషన్‌లో స్కేలుతో పాటు ఆ పోస్టు రోజువారీ పని, కోతలు పోగా చేతికొచ్చే జీతం, సీపీఎస్ వివరం తెలుగులో అచ్చువేయాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా గ్రంథాలయాల్లో, బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లలో పనిలో ఉన్న కార్యదర్శులను, గుమస్తాలను, కానిస్టేబుళ్లను పిలిపించి పిల్లలతో మాట్లాడించాలి. దీనికి కలెక్టర్ల మాట చాలు, బడ్జెట్ అక్కర్లేదు. 2024 ఆగస్టు 2న శాసనసభలో పెట్టిన జాబ్ కేలండర్ ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ కారణంగా గాడి తప్పింది. 2025 ఏప్రిల్‌లో వర్గీకరణ అమల్లోకి వచ్చాక ఆ కారణం చెప్పే వీలు లేదు. ప్రతి ప్రకటనకు, ప్రతి పరీక్షకు, ప్రతి ఫలితానికి తేదీ వేసి, ఆ తేదీ తప్పితే ఎందుకు తప్పిందో పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాతపూర్వకంగా ప్రజలకు చెప్పాలి. అప్పుడే అశోక్‌నగర్ గదిలో ఉన్న పిల్లవాడు ఇంకో ఏడాది ఆగాలో, ఊరికొచ్చి వేరే పని చూసుకోవాలో తానే తేల్చుకోగలుగుతాడు.