మానై వంగనిది బల్లై వంగును

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న పెద్దాయన ఎవరో గానీ, జన్మలో రెండు పలకలు అతికించి ఎరగడు. ఎరిగుంటే సామెతను అక్కడితో ఆపేవాడు కాదు. మొక్కగా నిటారుగా పెరిగి, మానుగా గాలివానలకు తలొంచకుండా నిలబడి, రంపానికీ చిత్రికకూ సహకరించి, ఒంటినిండా వార్నిష్ పూయించుకున్న చెక్క, బల్లగా గదిలోకి వచ్చిన మూడో వారంలో తీరిగ్గా వంగడం మొదలుపెడుతుంది. సామెతలు సవరించే అధికారులు ఏ కార్యాలయంలో కూర్చుంటారో తెలియదు కనుక, ఈ వ్యాసాన్నే వినతిపత్రంగా స్వీకరించ ప్రార్థన.

బల్ల వంగితే మొదటి ముద్దాయి ఎప్పుడూ చెక్కే. "కర్ర మంచిది కాదండీ" అన్న ఒక్క మాటతో తీర్పు వచ్చేస్తుంది. ముద్దాయి తరఫు వాదన కూడా రికార్డులోకి ఎక్కాలి. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పొడవున ఆ మార్పు లెక్కలోకి రానంత తక్కువ, వెడల్పున మాత్రం బాగానే ఉంటుంది. 900 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు బల్లలో చెక్క తేమ 4 శాతం మారిందనుకోండి. చెట్టు వయసు చెప్పే వలయాలు పలక ముఖానికి ఇంచుమించు సమాంతరంగా పడేలా కోసిన చెక్కయితే సుమారు 7 మిల్లీమీటర్లు, వలయాలు నిలువుగా నిలబడేలా కోసినదైతే 3 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. రెండు ముఖాలూ సమానంగా ఉబ్బితే బల్ల కాస్త వెడల్పవుతుంది, అంతే. ఒకటి ఉబ్బి రెండోది ఉబ్బకపోతే దొప్ప తేలుతుంది, అంటే ఆకుదొప్పలా వంపు తిరుగుతుంది.

ఇక్కడే మన సంస్కారం బయటపడుతుంది. పైముఖానికి నాలుగు పూతలు, ఇసుక కాగితంతో నాలుగు రుద్దుళ్లు. అడుగుముఖానికి? "అది ఎవరికి కనిపిస్తుందిలెండి!" కనిపించకపోవచ్చు. కానీ గాలికి కళ్లతో పని లేదు, పూత లేని వైపు నుంచి చకచకా లోపలికీ బయటికీ తిరుగుతుంది. పూత తేమను ఆపలేదు, నెమ్మదింపజేస్తుంది. అందుకే రెండు వైపులా ఒకే రకం పూత, ఒకే లెక్క. పైన పటారం, లోన లొటారం అన్న నానుడి వార్నిష్ డబ్బా మీద అచ్చు వేయించదగ్గది.

అతికించిన పలకను రాత్రికి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి పోవడం ఈ సంస్కారానికే తమ్ముడు. కింది ముఖానికి గాలి తగలదు, పై ముఖం ఆరుతూనే ఉంటుంది. తెల్లారేసరికి పై ముఖం పల్లమై ఉంటుంది. పలకను నిలబెట్టండి, లేదా కింద ఒకే మందం కర్రబద్దలు పెట్టి ఆరబెట్టండి. రెండూ కుదరకపోతే ప్లాస్టిక్ కాగితంలో పూర్తిగా చుట్టేయండి.

ఇక బిగింపువాదులు. వీరి సిద్ధాంతం ప్రకారం ప్రపంచంలో ఏ సమస్యకైనా పరిష్కారం ఇంకో క్లాంపు. అంచులు కలవలేదా, బిగించు. ఖాళీ కనిపిస్తోందా, ఇంకాస్త బిగించు. అంచు 90 డిగ్రీలుందో లేదో మూలమట్టం పెట్టి చూడమంటే మాత్రం అవమానంగా భావిస్తారు. లెక్క చూద్దాం: 150 మిల్లీమీటర్ల పలకలు 6. ప్రతి అంచూ పై ముఖంతో 90కి బదులు 89.5 డిగ్రీలే చేసింది. ఒక్కో అతుకు దగ్గర 1 డిగ్రీ, మొత్తం 5 అతుకులకు 5 డిగ్రీలు. బల్ల నడుమ దాదాపు 12 మిల్లీమీటర్ల గూని. అర డిగ్రీ తప్పును ఎవరూ తప్పనరు, అదే దాని బలం!

దీనికి విరుగుడు కచ్చితత్వం కూడా కాదు, కొంచెం కపటం. పక్కపక్కన వచ్చే రెండు పలకలనూ పుస్తకం మూసినట్టు మడిచి, రెండంచులూ కలిపి ఒకేసారి చిత్రిక పట్టాలి. తెరిచి కలిపితే ఒకదాని తప్పు రెండోదాని తప్పును సరిగ్గా కొట్టేస్తుంది. యంత్రం మీదైతే ఒక పలక పై ముఖాన్ని కంచె (పలకను ఆనించే నిలువు దన్ను) వైపు, పక్కదాని అడుగు ముఖాన్ని కంచె వైపు పెట్టి తోస్తే అదే ఫలితం. తప్పులు చేస్తూనే నిటారుగా కనిపించడం ఎలాగో ఇంతకంటే బాగా చెప్పే శాస్త్రం లేదు.

జిగురు లేకుండా చేతి ఒత్తిడితో మూసుకోని అతుకు, జిగురు పెట్టాక ఇనుముతో మూసినా పగ మరవదు. క్లాంపులు ఒకటి పైన, ఒకటి కింద, సుమారు 250 మిల్లీమీటర్ల ఎడంతో వేయండి. స్క్రూ ఒత్తిడి పలక మందం నడుమ పడాలి. అతుకు పొడవునా సన్నని జిగురు పూసలు బయటికి వస్తే చాలు, అక్కడితో ఆగి తిన్నని బద్దను అడ్డంగా ఆనించి చూడండి. తెల్ల జిగురులో నీరు బాగానే ఉంటుంది. ఆ నీటికి అతుకు పక్క చెక్క ఉబ్బుతుంది. ఒక రోజైనా ఆగకుండా చిత్రిక పడితే, తర్వాత చెక్క ఆరి అతుకు పొడవునా సన్నని పల్లం మిగులుతుంది.

వలయాలు ఒక పలకవి పైకి, మరోదానివి కిందికి పెట్టాలా, అన్నీ ఒకే వైపా అన్న తగవు మతకలహాలను మించిపోయింది. మార్చి మార్చి పెడితే వంగినప్పుడు అలలొస్తాయి. ఒకే వైపు పెడితే ఒకే పెద్ద వంపు వస్తుంది, దాన్ని అడ్డబద్దతో, అంటే పలకలకు అడ్డంగా బల్ల అడుగున బిగించే కర్రతో, పట్టి ఉంచడం తేలిక. చెక్క బాగా ఆరినదై ఉంటే రెండు పక్షాలకూ పెద్దగా పని లేదు, ఏ ముఖం అందంగా ఉంటే అది పైకి పెట్టుకోవచ్చు.

అడ్డబద్ద అనగానే జిగురుపిచ్చి మళ్లీ లేస్తుంది. పొడవంతా జిగురు పూసి, ఆపై స్క్రూలు దిగ్గొట్టి, చెక్కను కట్టేశామనుకుంటారు. ఊపిరాడక అది పగులుతుంది. నడిమి స్క్రూకు మాత్రమే గుండ్రని బెజ్జం. మిగతావాటికి బద్ద పొడవునా సాగిన బెజ్జాలు: 5 మిల్లీమీటర్ల స్క్రూకు 12 మిల్లీమీటర్లు, పైన వెడల్పాటి వాషర్. జిగురు వద్దు.

ఇంతా చేసినా దొప్ప తేలిన పలకలకు రాళ్ల వైద్యం ప్రసిద్ధి. గూని మీద రాళ్లెత్తి, రాత్రంతా ఉంచి, తెల్లారి తీసి, తిన్నగా ఉందని మురిసిపోతారు. మధ్యాహ్నానికి గూని తిరిగొస్తుంది, రాళ్లు మోసిన నడుముకు గూని మిగిలిపోతుంది. పల్లం తేలిన ముఖం ఎండినది. దానికి తేమ చూపించాలి, గూని ముఖానికి గాలి తగలనివ్వాలి. కొద్దిపాటి వంపయితే పలకను తిరగేసి కర్రబద్దల మీద రెండు రోజులు వదిలేయండి. ఈలోగా రాళ్లను గేటు దగ్గర పెట్టుకోవచ్చు, తలుపు కొట్టుకోకుండా ఉంటుంది.