బల్ల నిర్వాసితుల గోడు

కంప్యూటర్ బల్ల మీదికి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తెచ్చుకోవడాన్ని చాలామంది ఇంకా కొనుగోలు వ్యవహారమే అనుకుంటున్నారు. అది భూసేకరణ వ్యవహారం. ఏ కంపెనీవి, ఎన్ని వాట్లు అని అడిగేవాళ్లే గానీ, ఏళ్ల తరబడి అక్కడే కాపురముంటున్న పెన్నుల స్టాండు, ఫోను చార్జరు, పాత బిల్లుల కట్ట, అడుగున మరక కట్టిన కప్పు రేపు ఎక్కడికి పోవాలని అడిగినవాడు ఒక్కడూ లేడు. ప్రాజెక్టు గురించి అందరూ మాట్లాడతారు. ముంపు గ్రామాల ఊసు ఎవరికీ పట్టదు.

నేను మాత్రం బాధ్యత గల పౌరుణ్ణి కనుక ముందే సర్వే చేయించాను. టేపు పట్టింది నేనే, అంకెలు రాసుకుంది నేనే, అభ్యంతరాలు స్వీకరించి తోసిపుచ్చిందీ నేనే. బల్ల పొడవు 100 సెంటీమీటర్లు. మధ్యలో 24 అంగుళాల మానిటర్ 54 తినేస్తుంది. ఒక్కోటి 18 సెంటీమీటర్ల వెడల్పున్న స్పీకర్లు రెండు పెట్టినా ఇంకా 10 మిగులుతుంది. కాగితం మీద మిగులు కనిపించే ప్రాజెక్టును ఆపే మొనగాడు ఎవడు? ఆమోదించేశాను.

దెబ్బ పడింది లోతు దగ్గర. బల్ల లోతు 60. స్పీకర్ లోతు 26. ఇంతవరకూ పరవాలేదు. కానీ దాని వీపున ఒక కన్నం ఉంది. పోర్టు అంటారు. చిన్న పెట్టెలోంచి పెద్ద బాస్, అంటే కింది స్థాయి మోత, రప్పించడానికి చేసిన ఏర్పాటు అది. దాని వెనక కనీసం జానెడు ఖాళీ వదలాలి. వదలకుండా గోడకు ఆనించామా, గోడ కూడా బాస్‌కు వంత పాడటం మొదలుపెడుతుంది. ఒక్క గోడ వల్లే కింది స్థాయి శబ్దాలు 6 డెసిబెల్స్ దాకా ఉబ్బిపోవచ్చు. మూలకు నెడితే రెండో గోడ కూడా కచేరీలో చేరుతుంది. వార్తలు చదివే మనిషి గొంతు కాగులోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. దీనికి విరుగుడుగా కొందరు తయారీదారులు స్పీకర్లతో పాటే స్పాంజి బిరడాలు ఇస్తారు, కన్నంలో కుక్కుకోమని. కన్నం పెట్టిన చేత్తోనే మూత ఇవ్వడం కన్నా నిజాయితీ ఏముంటుంది?

సరే, జానెడు అంటే 22 సెంటీమీటర్లు వేసుకున్నాను. 26, 22 కలిపితే 48. స్పీకర్ ముందు నాకు దక్కిన నేల 12 సెంటీమీటర్లు. కుడి స్పీకర్ ఎదుట ఉన్న ఆ పన్నెండులోనే మౌసుకు పునరావాసం కల్పించాను. ఇప్పుడు కర్సరు కుడి ఎడమలకు హాయిగా తిరుగుతుంది. పైకి వెళ్లాలంటే మాత్రం రెండు విడతలు పడుతుంది. సగం దూరం తోసి, మౌసు ఎత్తి, వెనక్కి పెట్టుకుని, మిగతా సగం మళ్లీ తోయాలి. అలవాటైతే మణికట్టుకు వ్యాయామం.

ముందు వైపు పోర్టు ఉన్నవో, అసలు కన్నమే లేనివో కొనుక్కోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. అనవచ్చు. ఇరుకు బల్లకు తెలివైన పని అదే. బీబీసీ వాళ్లు 1970లలో ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్‌ను ఔట్‌డోర్ ప్రసారాల వ్యాన్లలో వాడటానికే తయారు చేసుకున్నారు. ఎత్తు 30 సెంటీమీటర్లు, మూసేసిన పెట్టె. వ్యాన్‌లో చోటు లేదని వాళ్లు ముందు ఒప్పుకున్నారు, తర్వాత స్పీకర్ గీశారు. మనం ముందు స్పీకర్ కొని, తర్వాత చోటు లేదని ఒప్పుకుంటాం.

అసలు బుక్‌షెల్ఫ్ అనే మాటే ఈ గొడవంతటికీ మూలం. ఆ పేరు వాడుకలోకి వస్తున్న రోజుల్లో, 1958లో, అకూస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ వాళ్లు తెచ్చిన ఏఆర్-3 స్పీకర్ ఎత్తు 25 అంగుళాలు, బరువు 24 కిలోలు. దాన్ని పుస్తకాల అరలో పెట్టాలంటే పుస్తకాలే కాదు, అర కూడా ఖాళీ చేయాలి. అప్పటి నిలువెత్తు బీరువాల్లాంటి స్పీకర్ల పక్కన అది పసిబిడ్డే అనుకోండి. ఇంకో సంగతి. బుక్‌షెల్ఫ్ స్పీకర్‌ను అరలో పెట్టవద్దని తెలిసినవాళ్లంతా చెబుతారు. స్టాండు మీద, గోడకు దూరంగా పెట్టమంటారు. పేరు చూసి మోసపోయినవాడి ఖర్మ.

ఇక కూర్చునే చోటు. రెండు స్పీకర్లూ, మన తలా కలిసి సమబాహు త్రిభుజం కావాలట. స్కూల్లో ఆ త్రిభుజాన్ని తప్పించుకుని తిరిగినందుకు ఇన్నాళ్లకు ఇంటికే వచ్చింది. నా స్పీకర్ల నడుమ దూరం 82 సెంటీమీటర్లు. లెక్క కట్టి చూస్తే నా తల బల్ల అంచుకు దాదాపు 60 సెంటీమీటర్లు వెనక ఉండాలి. అక్కడ కూర్చుంటే పాటలోని గాయకురాలు సరిగ్గా మానిటర్ నడిమధ్యన నిలబడి పాడుతున్నట్టే వినిపిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు, ఒళ్లు జలదరించింది. కాకపోతే చేతులు చాచి, లారీ స్టీరింగ్ పట్టుకున్నట్టు కీబోర్డు అందుకోవాలి. పని కోసం ముందుకు జరిగితే పాట చెదురుతుంది. పాట కోసం వెనక్కి జరిగితే జీతం చెదురుతుంది.

వాట్ల గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక్క మాట. 50 వాట్లకూ 100 వాట్లకూ తేడా 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. 85 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కు ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్స్ వస్తుంది. మనం మీటరు కూడా దూరం లేము. అంటే ఒక్క వాటుకే పక్క గదిలోంచి కేక వినిపిస్తుంది. మిగతా 99 వాట్లు స్నేహితులకు చెప్పుకోవడానికి.

ఆ వాటును తగ్గించే మీట ఎక్కడుందో చెప్పలేదు కదూ. వెనక. యాంప్లిఫయర్ లోపలే ఉన్న యాక్టివ్ స్పీకర్లలో చాలావాటికి వాల్యూమ్ మీట వీపునే ఉంటుంది. కేక వినిపించగానే స్పీకర్‌కూ గోడకూ మధ్య చెయ్యి దూర్చి తడమాలి. మొదట బాస్ మీట దొరుకుతుంది. తర్వాత ట్రెబుల్. మూడోది వాల్యూమ్ అనుకుని నొక్కితే అది పవర్ స్విచ్. ఏదైతేనేం, మోత తగ్గింది. పైగా ప్లగ్గు పెట్టాల్సింది యాంప్లిఫయర్ ఉన్న స్పీకర్‌కే. అది కుడిదైతే గోడకు సాకెట్ ఎడమ వైపు ఉంటుంది. ఈ నియమానికి మినహాయింపు నేను చూడలేదు.

చివరిది ఎత్తు సమస్య. స్పీకర్‌లో సన్నని స్వరాలు పలికే చిన్న భాగం, ట్వీటర్, చెవికి సమానంగా ఉండాలి. ఊరికే బల్ల మీద పెడితే అది నా గడ్డం కింద ఎక్కడో పాడుతుంది. పైగా సగం శబ్దం బల్ల మీద పడి, సెకనులో వెయ్యో వంతు కూడా లేని ఆలస్యంతో చెవికొచ్చి, నేరుగా వచ్చినదానితో తగాదా పడుతుంది. కొన్ని స్వరాలు ఉబ్బుతాయి, కొన్ని మాయమవుతాయి. కనీసం స్పీకర్ ముఖాన్ని కాస్త పైకి వాల్చాలి, లేదా జానెడు లేపాలి. స్టాండ్లకు బల్ల మీద చోటు లేదు. చుట్టూ చూశాను. కనిపించినవి పుస్తకాలే.

కుడి స్పీకర్ కింద డిగ్రీ పాఠ్యపుస్తకాలు నాలుగు పెట్టాను. చదివిన రోజుల్లో కూడా అవి నాకు ఇంత ఆసరా ఇవ్వలేదు. ఎడమ వైపు రెండు వేళ్ల ఎత్తు తగ్గితే లావుపాటి నిఘంటువు తెచ్చి సర్దాను. సరిగ్గా సరిపోయింది. గాయకురాలు మానిటర్ నడిమికి వచ్చి నిలబడింది. నిన్న ఒక మాటకు అర్థం చూసుకుందామని దాన్ని లాగితే ఆమె కిటికీ వైపు జరిగిపోయింది. మళ్లీ తోసేశాను.

కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కడైనా అక్షర దోషాలు దొర్లి ఉంటే, నిఘంటువు ఎడమ స్పీకర్ కింద విధి నిర్వహణలో ఉన్నదని పాఠకులు గమనించగలరు.