"నాది" అన్నోన్ని ఏ నాది అని అడుగున్రి

నల్లగొండ దిక్కు ఏ భూమి పంచాయితీల కూసున్నా "ఈ పొలం నాది" అని ఇద్దరు అంటరు. శానసార్లు ఇద్దరూ అబద్ధమాడరు, ఇద్దరి "నాది" వేరు. అది తేల్చకుండనే పెద్దమనుషులు తీర్పు చెప్తున్నరు. నా కోపమంత అక్కడనే.

మాట్లాడే తెలుగుల "నాకు పొలం ఉన్నది" అంటే సొంతమని. "నా దగ్గర పాసుబుక్కు ఉన్నది" అంటే చేతిల ఉన్నదని, అంతే. అప్పు కింద పక్కోని పాసుబుక్కు పెట్టుకున్నోడు గూడ ఆ మాట అనొచ్చు. ఇగ షష్ఠీ విభక్తి "నా" మరీ వదులు: నా పొలం, నా తమ్ముడు, నా ఊరు, నా బాధ. వీటిల అమ్ముకునేది ఒక్కటే.

చట్టానికి పట్టా వేరు, కబ్జా వేరు. ఇయ్యాల కబ్జా అంటే దౌర్జన్యం అనుకుంటున్నరు గని, పాత పహాణీల, అంటే ఊరి భూమి లెక్కల, కబ్జా అంటే భూమి ఎవరి అనుభవంల ఉన్నదనే. కౌలుకు ఇరవై ఏండ్లు దున్నినా సొంతం కాదు, ఓనరు ఒప్పుకుంటేనే దిగిన కబ్జా అది. ఓనరు హక్కును కాదని, బాజాప్తా, తెగకుండ 12 ఏండ్లు ఉన్నట్టు రుజువైతేనే దావా గడువులు చెప్పే 1963 లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ దున్నేటోనికి అక్కరకొస్తది. సర్కారు భూమికైతే 30 ఏండ్లు.

మనసుకు సంబంధించిన "నాది" "మన", "మా"ల మధ్య ఉంటది. కలిసున్నన్నాళ్లు "మన బాయి". వేరువడ్డనాడు అన్న తమ్మునితోనే "మా బాయి" అంటడు. "మన"ల ఎదుటి మనిషి ఉంటడు, "మా"ల ఉండడు. చెల్లెనైతే అంతకుముందే ఆ "మన"ల నుంచి తీసేస్తరు. "పసుపు కుంకుమ కింద ఇచ్చినం గద" అంటరు. ఇస్తే హక్కు పోయినట్టేనా? హిందూ వారసత్వ చట్టానికి 2005 సెప్టెంబర్ 9న వచ్చిన సవరణతోని ఉమ్మడి ఆస్తిల బిడ్డ కొడుకుతో సమానం. ఆ తేదీకి తండ్రి బతికుండాలన్న షరతు లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలు, కోర్టు డిక్రీలు దీని కిందికి రావు. ఆమె ఇష్టపడి భూమిల వాటా వదులుకున్నా రిలీజు డీడు రిజిస్టరు కావాలె. బాండు పేపరు మీద వేలిముద్ర వేయించుకొని అయిపోయిందనుకుంటే రేపు కోర్టుల నిలవడదు.

పంచాయితీ మొదలువెట్టే ముందే అడుగున్రి: కాయితం ఎవరి పేరు మీదున్నది? దున్నేది ఎవరు, ఏ ఒప్పందం మీద? "మన పొలం" అంటున్నరు గద, ఆ "మన"ల ఎవరెవరున్నరు? చెల్లెను పిలిచి చాప మీద కూసోవెట్టినంకనే ఆ మూడో మాట అడుగున్రి.