సెలవులు అయ్యాక వచ్చే ఓడ

2025 జూలై మొదట్లో విశాఖ రేవుకి విహార నౌక వచ్చింది. 11 డెక్‌ల ఓడ, పైన ఈత కొలను, లోపల నాటకశాల, పిల్లలకి ఆటల గది. ఫొటోలు చూసి మన ఇళ్లలో పిల్లలు ఎగిరి గంతేసి ఉంటారు, పెద్దవాళ్లు మాత్రం క్యాలెండర్ వైపు చూసి ఉంటారు, ఎందుకంటే బడులు జూన్ 12నే తెరిచేశారు, కొత్త పుస్తకాలకి అట్టలు వేయడం కూడా అయిపోయింది. క్రూజు ప్రకటన ఎక్కడ చూసినా ఫ్యామిలీ అనే మాట లేకుండా ఉండదు. ఆ ఫ్యామిలీలో సగం మంది అప్పటికి క్లాసులో కూర్చుని ఉన్నారు. భోజనాలు అయిపోయాక విస్తరి వేసినట్టుంది ఈ వ్యవహారం.

ఓడవాళ్ల ఇబ్బంది మాకు తెలియక కాదు. ముంబై, గోవా, లక్షద్వీప్ వైపు తిరిగే ఓడ నైరుతి రుతుపవనాలు మొదలవగానే అరేబియా సముద్రంలో నిలవలేదు, అలలు అంత పెద్దవి, కాబట్టి ఆ కాస్త కాలం చెన్నై పక్కకి వచ్చి అక్కడి నుంచి విశాఖ, పుదుచ్చేరి తిరుగుతుంది. 2022 జూన్ 8న కార్డీలియా అనే క్రూజు కంపెనీ వాళ్ల ఓడ ఎంప్రెస్ మొదటిసారి విశాఖ వచ్చినప్పుడూ ఇదే కాలం. సూటిగా చెప్పాలంటే, అటు తీరానికి పనికిరాని నెలలు మన వాటాకి వస్తున్నాయి. వ్యాపారంలో అది సహజమే అనుకుందాం, కానీ అదే ఓడని పిల్లలున్న కుటుంబాల కోసం అని అమ్మడంలోనే తిరకాసు ఉంది.

అందుకే మా మొదటి కోరిక ఓడ లోపలి దాని గురించి కాదు, తేదీల గురించి. సంక్రాంతికి రండి. మన బడులకి అప్పుడు వారం పైనే సెలవులు, బంగాళాఖాతం జనవరిలో చాలా వరకు నెమ్మదిగా ఉంటుంది, ఎండ కూడా ఒంటికి హాయి. అమెరికా నుంచో హైదరాబాద్ నుంచో అన్నదమ్ములంతా ఊరికి చేరేది ఆ నాలుగు రోజులే, మూడు తరాల వాళ్లని ఒకే ఓడ ఎక్కించాలంటే అంతకన్నా మంచి అదను దొరకదు. దసరాకి రమ్మని మేం అడగం. అక్టోబరు అంటే విశాఖకి 2014 హుద్‌హుద్ గుర్తొస్తుంది, తుపాను నెలల్లో పిల్లలతో సముద్రం మీదకి వెళ్లమని ఏ పత్రికా రాయకూడదు. వేసవిలో కూడా ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటి వారాల వరకే మేలు, ఎందుకంటే 2010లో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20న.

మనకి సముద్ర ప్రయాణం కొత్తేమీ కాదు, ఈ సంగతి కంపెనీల వాళ్లకి ఎవరైనా చెబితే బాగుండు. విశాఖ, కాకినాడ, కళింగపట్నం రేవుల్లో స్టీమర్ ఎక్కి డెక్ మీద చాప పరుచుకుని రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లొచ్చిన వాళ్ల మనవలం మనం. ఇప్పటికీ విశాఖ నుంచి అండమాన్‌కి ప్రయాణికుల ఓడ నడుస్తోంది, రెండు రోజుల పైన పట్టే ఆ ప్రయాణంలో బంకు మీద పడుకుని వెళ్లొచ్చే కుటుంబాలు ఉత్తరాంధ్రలో చాలానే ఉన్నాయి. ఇక్కడ గిరాకీ లేదని ఎవరైనా అంటే మేం నమ్మం.

ఇక ఓడలోకి వెళ్దాం. ఇక్కడి నుంచి రాసేది ఏ ఒక్క కంపెనీని ఉద్దేశించింది కాదు, రేపు ఈ రేవుకి వచ్చే ఏ ఓడకైనా వర్తిస్తుంది.

ఎక్కగానే జరిగేది భద్రతా డ్రిల్. అలారం మోగితే ఎక్కడికి రావాలి, జాకెట్ ఎలా కట్టుకోవాలి, ఏ పడవ మనది, ఇవన్నీ చెబుతారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు తేలిన సంగతుల్లో ఒకటి, ఆ రోజే ఓడ ఎక్కిన వందల మందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదని. అందుకే 2015 నుంచి అంతర్జాతీయ నిబంధన మారింది, ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ అయిపోవాలి. అదే నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది, ఈ ప్రకటనలు ప్రయాణికులకి అర్థమయ్యే అవకాశమున్న భాషలో ఉండాలని. విశాఖలో ఎక్కే బామ్మకి అర్థమయ్యే భాష ఏది? ఇంగ్లిష్‌లో, హిందీలో మైకులో చెప్పేస్తే పిల్లలు పక్కన కూర్చుని తర్జుమా చేసి చెప్పాలా? తెలుగులో చెప్పండి, క్యాబిన్ తలుపు వెనక అతికించే కాగితం తెలుగులో కూడా వేయండి. దానికయ్యే ఖర్చు ఓ రాత్రి బాణసంచాకి అయ్యేంత కూడా ఉండదు.

ఈ విషయంలో మేం కాస్త గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగింది, దాన్ని బయటికి తీయడానికే నెల పైన పట్టింది. నదిలో నడిచే బోటుకీ సముద్రంలో తిరిగే పెద్ద ఓడకీ పోలిక లేదని తెలుసు, అయినా లైఫ్ జాకెట్ అనగానే తెలుగు తల్లుల మనసు అక్కడికే వెళ్తుంది. వాళ్లకి నిబంధన చెప్పండి, చాలు: ఓడలో ఉన్న ప్రయాణికుల్లో కనీసం 10 శాతానికి సరిపడా పిల్లల జాకెట్లు ఉండాలి, పిల్లలు అంతకన్నా ఎక్కువుంటే ఒక్కొక్కరికీ ఒకటి చొప్పున ఉండాలి, చంటిపిల్లలకి వేరే కొలతవి. ఓడ ఎక్కిన గంటలో ఆ జాకెట్ పిల్లాడికి ఒకసారి తొడిగి చూపిస్తే తల్లి ఆ రాత్రి టెన్షన్ లేకుండా నిద్రపోతుంది.

ఈత కొలను సంగతి కూడా ఇందులోనే చెప్పేయాలి. డిస్నీ ఓడల్లో, రాయల్ కరీబియన్ ఓడల్లో ఇప్పుడు కొలను దగ్గర లైఫ్‌గార్డులు ఉంటారు, రాయల్ కరీబియన్ ఆ నిర్ణయం తీసుకున్నది 2017లో, అంటే అంత పెద్ద కంపెనీలకే అది ఆలస్యంగా వచ్చిన బుద్ధి. కొలను పక్కన 'మీ పిల్లల బాధ్యత మీదే' అని బోర్డు పెట్టి ఊరుకుంటే కుదరదు. ఈత రాని పిల్లలే మన దగ్గర ఎక్కువ, వాళ్ల అమ్మానాన్నలకీ రాదు.

పిల్లల గది గురించి రెండు మాటలు. 1998లో డిస్నీ మ్యాజిక్ బయల్దేరినప్పుడు ఒక డెక్ దాదాపు మొత్తం పిల్లలకే వదిలేశారు, వయసుని బట్టి వేరువేరు గదులు. అంత మనం అడగడం లేదు, ఒక్క గదే అయినా దాంట్లో నాలుగేళ్ల పాపనీ పన్నెండేళ్ల కుర్రాడినీ కలిపి కూర్చోబెట్టి టీవీ పెట్టేస్తే ఇద్దరూ పదినిమిషాల్లో అమ్మ దగ్గరికి పారిపోతారు. వైకుంఠపాళి పెట్టండి, అష్టాచమ్మా పెట్టండి, ఓడ ఎలా తేలుతుందో ఓ ఇంజినీరుని పిలిచి చెప్పించండి, దిక్సూచి చేతికివ్వండి. రాత్రి వేదిక మీద హిందీ పాటల డ్యాన్సులు ఉంటే ఉండనివ్వండి, మాకూ ఇష్టమే, కానీ విశాఖలో ఎక్కించుకున్న ఓడ మీద ఒక్క పూట తప్పెటగుళ్లో థింసానో ఉంటే పక్క రాష్ట్రాల వాళ్లు కూడా కుర్చీలోంచి లేవరు. బుర్రకథ అంటే నవ్వుతారేమో అని రాయడం మానేశాం.

అసలు గొడవంతా తిండి దగ్గర.

క్రూజుల్లో తిండి తక్కువని ఎవరూ అనరు, పొద్దున్నుంచి రాత్రి దాకా బఫేలు నడుస్తూనే ఉంటాయి. రాజ్మా ఉంటుంది, పనీర్ నాలుగు రకాలుంటుంది, జైన భోజనం వేరే ఉంటుంది, నూడుల్స్, పాస్తా సరేసరి. మెత్తగా ఉడికిన అన్నం, ముద్దపప్పు, చారు, గడ్డపెరుగు కావాలంటే మాత్రం అదేదో ప్రత్యేక అవసరం అన్నట్టు ముందుగా చెప్పుకోవాలి. మూడేళ్ల పిల్లకి రాత్రి ఏడింటికి పప్పన్నం నెయ్యి వేసి కలిపి పెడితే ఏడున్నరకి నిద్రపోతుంది, ఆ పిల్లని తొమ్మిదింటి పంక్తి దాకా కూర్చోబెడితే ఇల్లంతా, అదే ఓడంతా, నిద్రపోదు. షుగర్ ఉన్న తాతగారిదీ అదే లెక్క, మాత్ర వేసుకున్న అరగంటకి కంచంలో ఏదో ఒకటి ఉండాలి. కాబట్టి రాత్రి ఏడింటికి ఒక చిన్న వంటకాల బల్ల, పొద్దున ఆరింటికి కాఫీ, ఇడ్లీ, పెసరట్టు, ఇంతే. బయటి నుంచి ఇంటి వంటలు తేవద్దనడం చాలా ఓడల్లో ఉన్న నియమమే, చెడిపోతే రోగాలు వస్తాయని భయం, ఒప్పుకుంటాం. అలాగని తనిఖీ దగ్గర ఆవకాయ సీసా లాగేసుకుంటే, బదులుగా బల్ల మీద ఆవకాయ పెట్టాలి కదా! గోంగూర కూడా పెడితే ఆ కంపెనీ గురించి మన వాళ్లే ఊరూరా చెబుతారు, ప్రకటన ఖర్చు మిగులుతుంది.

తిండి అన్నాక శుభ్రం. అమెరికా రేవులకి వెళ్లే విహార నౌకలని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పాపెట్టకుండా తనిఖీ చేస్తుంది, వంటగది, తాగునీరు, కొలను నీళ్లు అన్నీ చూసి 100కి మార్కులేస్తుంది, 85 అంతకన్నా తక్కువ వస్తే ఫెయిల్, ఆ మార్కులు ఎవరైనా చూసుకోవచ్చు. మన రేవుల్లో ఎక్కే ఓడలకీ అలాంటి మార్కులు టికెట్ కొనే చోటే కనిపించాలి. హోటల్లో వాంతులు పట్టుకుంటే ఇంటికి వచ్చేయొచ్చు, నడిసముద్రంలో ఎక్కడికి పోతాం? ఇంకో చిన్న విషయం, ఓడల్లో ఎక్కువగా వ్యాపించే నోరో వైరస్‌కి శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాలి. భోజనశాల గుమ్మం ముందు చేతులు కడుక్కునే కుళాయిలు కావాలి. పెళ్లి భోజనాల దగ్గర మనకి ఇది కొత్త కాదు.

డబ్బు మాట చివరికి వదిలేద్దామనుకున్నాం గానీ ఫోన్ చేసి అడిగేవాళ్లు ముందు అడిగేది అదే. ప్రకటనలో ఉన్న ధర తలకి ఇంత అని, అదీ గదిలో ఇద్దరుంటే. దానికి పన్ను, రేవు రుసుము, సిబ్బందికి టిప్పు, కూల్ డ్రింకులు, వైఫై, దిగిన ఊళ్లో బస్సు, అన్నీ కలిసేసరికి తడిసి మోపెడవుతుంది. నలుగురి కుటుంబం ఓడ దిగేటప్పుడు మొత్తం ఎంత కడుతుందో ఆ అంకె ఒక్కటే మొదటి పేజీలో వేయండి. ఎక్కువుంటే ఎక్కువని తెలుసుకుని మానేస్తాం, లేదా చిట్టీ పాడుకుని వస్తాం. చౌకగా ఉందని కిటికీ లేని లోపలి క్యాబిన్ తీసుకున్న వాళ్లకి అందులో తెల్లవారిందో లేదో కూడా తెలియదని అమ్మేటప్పుడే చెప్పండి. కడుపులో తిప్పే వాళ్లకి ఓడ మధ్యలో, కింది డెక్‌లో గది అయితే ఊపు తక్కువని కూడా. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే ఓడ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వాచిపోతుందన్న సంగతి ఎక్కేముందే చెప్పాలి, దిగాక కాదు. నానమ్మ తాతయ్యలతో కలిసి వచ్చే వాళ్లకి మధ్యలో తలుపున్న జంట గదులు, చక్రాల కుర్చీ తిరిగే స్నానాలగది ఇంకొన్ని కావాలి.

కాసినో, బార్ల మీద మేం నీతులు చెప్పబోం. పెద్దవాళ్ల డబ్బు, పెద్దవాళ్ల ఇష్టం. 2022లో పుదుచ్చేరిలో పార్టీలు జూదం మాటెత్తి ఓడకే అడ్డం తిరిగాయి, మనకి అంత అక్కర్లేదు. భోజనశాలకి వెళ్లే దారి మాత్రం వాటి మధ్య నుంచి, సిగరెట్ పొగలోంచి ఉండకూడదు.

ఓడ ఒక్కటే మారితే చాలదు. 96 కోట్ల రూపాయల పైచిలుకుతో విశాఖలో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ కట్టారు, 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు, ఒకేసారి రెండు వేల మంది ప్రయాణికులకి సరిపోతుందన్నారు. ఓడలు రావడం చుట్టపుచూపుగానే ఉంది. 2029 కల్లా దేశంలో క్రూజు ప్రయాణికులని రెట్టింపు చేస్తామని 2024 సెప్టెంబరు 30న క్రూజ్ భారత్ మిషన్ మొదలుపెట్టిన కేంద్రం, ఈ రేవుకి ఏ నెలలో ఎన్ని ఓడలో కంపెనీలతో కూర్చుని మాట్లాడాలి. రాష్ట్ర పర్యాటక శాఖ చేయాల్సింది ఇంకా చిన్న పని. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారుజామున దిగిన కుటుంబం మధ్యాహ్నం ఓడ ఎక్కే దాకా పెట్టెలతో, చంటిపిల్లతో ఎక్కడుండాలి? సామాను పెట్టుకునే గది, పిల్లకి పాలు పట్టే చోటు, స్టేషన్ నుంచి రేవు గేటు దాకా ఓ బస్సు.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తారు, అంటే సంక్రాంతి రిజర్వేషన్ల హడావిడి నవంబరులోనే మొదలు. ఓడ తేదీలు దసరాకల్లా చెప్పగలిగితే మిగతా లెక్కలు మన ఇళ్లలో వాళ్లే చూసుకుంటారు.