ర్యాంకు చూసి రాని ఫ్యాక్టరీలు

వ్యాపారం చేయడం ఏ దేశంలో ఎంత సులువో చెబుతూ ర్యాంకులిచ్చిన ప్రపంచ బ్యాంకు 'సులభతర వాణిజ్యం' చివరి నివేదికలో, అంటే 2020 నాటి జాబితాలో, భారత్‌ది 63వ స్థానం, వియత్నాంది 70. అంతకు అయిదేళ్ల ముందు 142లో ఉన్న మన దేశం అంత పైకి ఎగబాకినందుకు పాలకులు సంబరపడ్డారు. గణాంకాల్లో అవకతవకలు బయటపడి 2021లో ఆ నివేదికే ఆగిపోయింది. మన దేశానికి మార్కులు వేసేందుకు వారు పరిశీలించింది ఢిల్లీ, ముంబయి నగరాలను మాత్రమేనని అప్పట్లో గుర్తుచేసినవారు తక్కువ. జీడీపీలో తయారీ రంగం వాటాను 25 శాతానికి చేరుస్తామని 2014లో 'మేకిన్ ఇండియా'తో పెట్టుకున్న లక్ష్యానికి మనం ఇప్పటికీ దరిదాపుల్లో లేము.

ర్యాంకులో మన వెనకే ఉన్న వియత్నాం మాత్రం ఫోన్లు, బూట్లు, దుస్తులు ప్రపంచానికి ఎగుమతి చేస్తోంది. 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడం, 2020లో ఐరోపా సమాఖ్యతో ఒప్పందం అమల్లోకి రావడం దానికి కలిసొచ్చాయి. అయినా 2023 వేసవిలో ఉత్తరాన జలవిద్యుత్‌కు ఆధారమైన జలాశయాలు అడుగంటితే శామ్‌సంగ్ ఫోన్లు తయారయ్యే బాక్ నిన్ వంటి పారిశ్రామిక ప్రాంతాలను కరెంటు కోతలు తాకాయి. హనోయ్‌లో వీధి దీపాలు సైతం ఆర్పేశారు. మధ్య, దక్షిణ ప్రాంతాల్లో సౌర విద్యుత్ ఉన్నా, దాన్ని ఉత్తరానికి మోసుకొచ్చే లైన్లు చాలలేదు. నష్టం సుమారు 140 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. మరుసటి ఏడాది ఆగస్టు కల్లా ఉత్తరానికి 519 కిలోమీటర్ల 500 కేవీ (కిలోవోల్టుల) విద్యుత్ లైను పూర్తయింది. ఏకపార్టీ పాలనలో భూమి తీసుకుంటుంటే అడ్డుచెప్పేవారుండరు, నిజమే. ఆ సౌలభ్యం మనకు అక్కర్లేదు. లైను ఎందుకు కావాలో వారికి తెలియడమే మనం గమనించవలసింది.

ఫ్యాక్టరీకి ర్యాంకు కన్నా కరెంటు, నీళ్లే ముఖ్యమన్న సంగతి మనకు తెలియనిదేమీ కాదు. కరవు సీమ పెనుకొండలో 2017లో ఒప్పందం కుదిరిన కియా ప్లాంటు నుంచి 2019లో కార్లు బయటికి వచ్చాయంటే, రాయితీలతో పాటు హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరడమూ కారణమే. అనుమతులకు గడువు పెట్టి తెలంగాణ 2014లోనే చట్టం చేసింది. అయితే కాగితం గడువులోగా వచ్చినా, షిఫ్టు మధ్యలో కరెంటు తెచ్చే ఫీడరు లైను ట్రిప్పయితే చిన్న యూనిట్ల యజమానులు జనరేటరు డీజిల్ ఖర్చు భరించవలసిందే. ఏ పారిశ్రామికవాడలో ఎన్ని గంటలు సరఫరా ఆగిందో, గేటు దాటిన కంటైనరు ఎన్ని రోజులకు ఓడ ఎక్కిందో రెండు తెలుగు రాష్ట్రాలూ నెలనెలా ప్రకటించాలని కోరుతున్నాం.