తాళంచెవి ఎవరి మొలతాడుకి?

పోయిన నెల మా మేనకోడలు ఆరొందల పేజీల ఇంగ్లీషు నవల ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "అత్తా, చదువు. సముద్రం, ప్రేమ, మాయలు, అన్నీ ఉంటాయి" అంది. అట్ట మీద చొక్కా లేని కుర్రాడు, వాడి పొట్ట మీద ఆరు పలకలు, వెనకాల నిండు చంద్రుడు. ఎవరమ్మా ఈ అబ్బాయి, జిమ్ము కోచా అని అడిగాను. "కాదత్తా, సీలు" అంది.

సీలంటే నాకు తెలిసింది తహసీల్దారు కాగితం మీద గుద్దేది, రేషన్ కొట్టు తలుపుకి అధికారులు వేసేది. ఇది ఆ సీలు కాదట, చలి సముద్రాల్లో బతికే ఒక జంతువట. స్కాట్లండ్‌కి పైనున్న ఆర్క్‌నీ, షెట్లండ్ దీవుల్లో సముద్రపు సీలునే సెల్కీ అంటారు. అక్కడివాళ్ళ కథల్లో సెల్కీలు కొన్ని రాత్రుళ్ళు ఒడ్డుకొచ్చి, తోలు విప్పి రాళ్ళ మీద పెట్టి, మనుషులై ఆడిపాడి, మళ్ళీ తోలు తొడుక్కుని నీళ్ళలోకి వెళ్ళిపోతాయి. కథ బంగారంలాంటిది. నా గొడవ ఆ ఆరు పలకలతో.

అయ్యా, ఉత్తర సముద్రంలో సీలుని బతికించేది దాని కొవ్వు. బూడిదరంగు సీలు మగది రెండు మీటర్లు దాటుతుంది, 250 కిలోలు తూగేవి ఉంటాయి. ఆ నీళ్ళలోకి ఆరు పలకల పొట్టతో దిగిన సీలు మూడో అధ్యాయం దాకా ఎందుకు, ముందుమాట అయ్యేలోపే గడ్డకట్టుకుపోతుంది. పైగా వాడి ఒంటి నుంచి "సముద్రపు పరిమళం" వచ్చిందని రచయిత్రి నాలుగు చోట్ల రాసింది. భీమిలి ఒడ్డున చేపలు ఎండబెట్టే చోట ఓ పావుగంట నిలబడి ఆ మాట రాయమనండి చూద్దాం.

పాత కథల్లోనూ మగ సెల్కీ అందగాడే, నేను కాదనను. మొగుడితో విసిగిన ఆడది పోటు వేళ సముద్రంలో ఏడు కన్నీటి బొట్లు రాలిస్తే వస్తాడని ఆర్క్‌నీలో చెప్పుకునేవారు. ఏడంటే ఏడే. మా వీధిలో ఆ లెక్కన పిలిస్తే సముద్రం ఖాళీ అయిపోతుంది.

ఇక సంగీతం. మేనకోడలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కి "సెల్కీ పాటలు" వినిపించింది. అలల చప్పుడు, హార్పు అనే తీగల వాద్యం, ఆస్తమా ఉన్నట్టు ఊపిరి లాగుతూ ఒకమ్మాయి "ఊ... ఊ...". ఇలా ఎనిమిది గంటలట. నిద్రపోవడానికట! నిజం సెల్కీ పాట వింటే నిద్ర పట్టదు. షెట్లండ్‌లో ఒక ముసలమ్మ పాడితే రాసుకుని 1852లో అచ్చు వేసిన పాట ఉంది. బిడ్డకి తండ్రెవరో తెలియని తల్లి ఉయ్యాల ఊపుతుంటే సెల్కీ వస్తాడు. నేలమీద మనిషిని, నీళ్ళలో సెల్కీని అంటాడు. పెంచిన కూలి కింద బంగారం ఇచ్చి బిడ్డని తీసుకుంటాడు. పోతూ పోతూ, నువ్వొక తుపాకివాణ్ణి పెళ్ళాడతావు, వాడు మొదటి దెబ్బకే నన్నూ నా బిడ్డనీ కాల్చేస్తాడు అని చెబుతాడు. అంతే, పాట అయిపోయింది. ఈ పాటకి పాత వరస 1938లో ఫిన్లండ్ నుంచి వచ్చిన ఒక సంగీత పండితుడికి ఆర్క్‌నీలో ఒక పెద్దాయన పాడగా దొరికింది. ఆ వరసలో హార్పు లేదు, "ఊ ఊ" లేదు. మనిషి గొంతు ఒక్కటే. ఇప్పుడు దాన్ని జోలపాటల డబ్బాలో వేశారు.

సరే, ఇవన్నీ చాదస్తం కింద కొట్టేయండి. అసలు సంగతి మూడో అధ్యాయంలో ఉంది. అక్కడ కథ తిరగబడుతుంది. ఈసారి సీలు ఆడపిల్ల, మనిషి హీరో. హీరో ఆమె తోలు ఎత్తుకెళ్ళి దాచేస్తాడు. ఎందుకయ్యా అంటే ప్రేమ.

ఈ కథకి పాత రూపం షెట్లండ్‌కి ఇంకా పైనున్న ఫారో దీవుల్లో ఉంది. కాల్సోయ్ అనే దీవిలో మిక్లదాలుర్ అనే ఊరు. ఆ ఊరి కుర్రాడొకడు రాళ్ళచాటున నక్కి, తోలు విప్పిన సీలు పిల్లని చూసి, తోలు దొంగిలించి ఇంటికి నడిచాడు. ఆమె వెనకాలే వచ్చింది. రాక ఏం చేస్తుంది? ఆ పెళ్ళిమాటలు ఎలా జరిగుంటాయో తలుచుకుంటే నాకు నవ్వాగదు. పెద్దమనిషి తువ్వాలు దులిపి అరుగు మీద కూర్చుంటాడు.

"అమ్మాయిది ఏ ఊరు?"

"సముద్రమండి."

"పుట్టింటివాళ్ళు?"

"అదిగోనండి, రెండొందలమంది దాకా రాళ్ళ మీద పడుకుని ఉన్నారు. పిలవమంటారా?"

"వద్దులే, భోజనాలకి చేపలు చాలవు. గోత్రం?"

"మత్స్యగోత్రం వేసుకోండి."

"సీలు చేప కాదు నాయనా, పిల్లలకి పాలిస్తుంది."

"మరీ మంచిదండి, డబ్బాపాల ఖర్చు తప్పింది."

"కట్నం?"

"ఒక తోలండి. పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఇదిగో, నా నడుముకే ఉంది."

"అమ్మాయి ఇష్టపడే వచ్చిందా?"

"దారి పొడుగునా ఏడుస్తూనే వచ్చిందండి."

"మరింకేం! అప్పగింతలప్పుడు ఏడవని ఆడపిల్లని నేనింతవరకు చూడలేదు. ముహూర్తం పెట్టించండి."

పిల్లలు పుట్టారు, ఏళ్ళు గడిచాయి. ఒకరోజు వాడు చేపల వేటకి పోతూ తాళంచెవి ఇంట్లో మరిచిపోయాడు. పడవలో గుర్తొచ్చి కెవ్వున అరిచాడట, ఈరోజుతో నా పెళ్ళాం పోయింది అని. ఇల్లు చేరేసరికి పిల్లలు మాత్రమే ఉన్నారు. పొయ్యి ఆర్పి ఉంది. కత్తులు, పదునైనవి అన్నీ పిల్లలకి అందకుండా ఎత్తి పెట్టి ఉన్నాయి.

ఈ ఒక్క వాక్యం కోసం ఆరొందల పేజీలు తిరగేశాను. లేదు. పొయ్యి ఆర్పిన సంగతి లేదు, కత్తులు దాచిన సంగతి లేదు. దానికి బదులు ముప్పయ్యో అధ్యాయంలో ఆమెకి పెట్టె కనిపిస్తుంది, హీరో మోకాళ్ళ మీద కూలబడి "నిన్ను పోగొట్టుకుంటానన్న భయంతో చేశాను" అంటాడు, ఆమె "అర్థం చేసుకుంటుంది". ఏమిటమ్మా అర్థం చేసుకునేది? వాడు నీ చర్మం దొంగిలించాడు! చీర కాదు, నగ కాదు, నీ ఒంటి తోలు. అది లేకపోతే నువ్వు పుట్టింటికి పోలేవని తెలిసే దాచాడు. ఆ భయం వాడిది కాదు, నీది.

కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళని అడగండి, తోలు పెట్టెలో పెట్టి తాళం వేయడమంటే ఏమిటో. దిగగానే పాస్‌పోర్టు లాక్కుంటారు. అది భారత ప్రభుత్వపు ఆస్తి అని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది, అయినా అది సేటు బీరువాలోనే. తల్లి చచ్చిపోయిందని ఫోనొచ్చినా కదల్లేరు. వాళ్ళ ఏడుపుకి వెనకాల హార్పు వేసి ఎనిమిది గంటలు నిద్రపోతారా? ఎవరైనా ఆ సేటు పొట్ట మీద ఆరు పలకలు గీసి అట్టకెక్కిస్తారా?

మనవాళ్ళేం తక్కువ తినలేదు. కొలను గట్టున దేవకన్య చీర ఎత్తుకుపోయిన రాకుమారుడి కథ వింటూ బువ్వ తిన్నవాళ్ళమే మనం, వాడు దొంగ అని ఒక్క అమ్మమ్మా చెప్పలేదు. అంతకన్నా పాత ఊర్వశే నయం. కాపురానికి ముందే షరతులు పెట్టింది. షరతు తప్పగానే మాయమైంది. పురూరవుడు ఏడ్చుకుంటూ వెతికితే కొలనులో నీటిపక్షిలా ఈదుతూ కనిపించి, తిరిగి ఇంటికి పొమ్మంది. ఋగ్వేదం పదో మండలంలో ఉంది ఆ మాట. ఆవిడ రెక్కలు ఏ పెట్టెలోనూ లేవు మరి.

మిక్లదాలుర్ కథ అక్కడితో ఆగలేదు. ఊళ్ళోవాళ్ళు సీళ్ళ వేటకి బయల్దేరే ముందు రాత్రి ఆమె ఆ తోలుదొంగ కలలోకి వచ్చి, గుహ ముందు పడుకునేది నా సీలు మొగుడు, లోపలున్న రెండూ నా పిల్లలు, వాళ్ళని వదిలెయ్యమంది. అందర్నీ చంపి వండుకున్నారు. అప్పుడు శపించింది, చచ్చినవాళ్ళు చేతులు పట్టుకుంటే కాల్సోయ్ దీవి చుట్టూ సరిపోయేదాకా మీ మగాళ్ళు సముద్రంలో పోతూనే ఉంటారని. 2014లో ఆ ఊరి ఒడ్డున ఆమెకి కంచు విగ్రహం నిలబెట్టారు. చేతిలో తోలు ఉంటుంది. జనం పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతుంటారు.

నిన్న మేనకోడలు రెండో భాగం పట్టుకుని వచ్చింది. "నువ్వు ఊరికే తిట్టావు అత్తా, ఇందులో ఆమె తోలు ఆమెకి తిరిగి వచ్చేస్తుంది."

"పెట్టె బద్దలుకొట్టిందా?"

"లేదత్తా, హీరోనే ఇస్తాడు. పుట్టినరోజు కానుకగా. రిబ్బను కట్టి."